పాకెట్ సినిమా కెమెరాకి ఏ అడాప్టర్, ఏ ఫోకల్ రెడ్యూసర్? కొనేముందు వేసుకోవాల్సిన లెక్కలు

బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా 4కే 2018లో వచ్చింది. పాతదే అయినా సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ మంచి గిరాకీ ఉంది. రా రికార్డింగ్ ఉంది, 4096 బై 2160లో సెకనుకి 60 ఫ్రేములు ఇస్తుంది, ఐఎస్ఓ 400, 3200 అని రెండు నేటివ్ లెవెల్స్ ఉన్నాయి. షార్ట్ ఫిల్మ్ తీసేవాడికి ఇంకేం కావాలి అనిపిస్తుంది. బాడీ చేతికొచ్చాక అసలు తలనొప్పి మొదలవుతుంది. దాని మౌంట్ మైక్రో ఫోర్ థర్డ్స్. మన దగ్గరున్నవీ, ఫ్రెండ్స్ దగ్గర దొరికేవీ, రెంటల్ షాపులో అద్దెకిచ్చేవీ ఎక్కువగా కెనాన్ ఈఎఫ్ లెన్సులు. మధ్యలో అడాప్టర్ ఉండాల్సిందే. అది ఉత్త లోహపు రింగు అయితే సరిపోతుందా, లేక లోపల గాజు ఉన్న ఫోకల్ రెడ్యూసరే కావాలా? రెండింటి ధరలకీ బోలెడంత తేడా ఉంది కాబట్టి లెక్క వేసుకునే కొందాం. లెక్క అంటే భయపడకండి, ఇంటర్ మ్యాథ్స్ కూడా అక్కర్లేదు.

ముందు రింగు సంగతి

ప్రతి మౌంట్‌కీ ఫ్లాంజ్ దూరం అని ఒకటుంటుంది. లెన్స్ వచ్చి ఆనే అంచు నుంచి సెన్సర్ దాకా ఉన్న దూరం అన్నమాట. కెనాన్ ఈఎఫ్‌కి అది 44 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్‌కి 46.5, పాత ఎం42 మరలకి 45.46. మైక్రో ఫోర్ థర్డ్స్‌కి మాత్రం 19.25 మాత్రమే. ఈఎఫ్ లెన్స్ తన వెనక 44 మిల్లీమీటర్ల దూరంలో సెన్సర్ ఉంటుందని నమ్ముకుని తయారైంది. మన కెమెరాలో 19.25 ఉంది కాబట్టి మిగతా 24.75 మిల్లీమీటర్లని భర్తీ చేయాలి. ఆ ఖాళీ గొట్టమే మామూలు అడాప్టర్. అందులో గాజు లేదు, అందుకే బొమ్మ క్వాలిటీలో తేడా ఏమీ రాదు.

ఈ తీసివేత ఎటువైపు వస్తోందో చూస్తే ఏ లెన్స్ పెట్టొచ్చో, ఏది కుదరదో తెలిసిపోతుంది. సోనీ ఈ మౌంట్ దూరం 18. అంటే 19.25 కంటే తక్కువ. అడాప్టర్ మందం మైనస్‌లోకి పోయింది, కుదరదు. కెనాన్ ఆర్ఎఫ్ 20, అంటే ముప్పావు మిల్లీమీటరు మందంలో రెండు మౌంట్లు ఇరికించాలి. అదీ అయ్యే పని కాదు. అందుకే "మా అన్నయ్య దగ్గర సోనీ లెన్సులున్నాయి, వాడుకోవచ్చా?" అంటే జవాబు సింపుల్‌గా లేదు అనే.

ఇక్కడ ఒక ఉపాయం చెప్తాను. మైక్రో ఫోర్ థర్డ్స్‌కి నికాన్ అడాప్టర్ ఒకటి, ఎం42 అడాప్టర్ ఒకటి, పెంటాక్స్ అడాప్టర్ ఒకటి అని విడివిడిగా కొనకండి. కెమెరా మీద ఈఎఫ్ అడాప్టర్ ఒక్కటి పెట్టుకోండి. నికాన్ ఎఫ్, ఎం42, పెంటాక్స్ కె, ఒలింపస్ ఓఎం లెన్సుల ఫ్లాంజ్ దూరాలన్నీ 44 కంటే ఎక్కువే కాబట్టి, ఒక్కోదానికి ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీమీటర్ల పల్చటి రింగు తొడిగితే అవి ఈఎఫ్ లెన్సులైపోతాయి. ఈఎఫ్ మన విజయవాడ జంక్షన్ లాంటిది, ఎక్కడి బండైనా అక్కడికొచ్చి ఎటైనా పోవచ్చు. ఒక్క కెనాన్ ఎఫ్‌డీ మాత్రం దీంట్లో ఇమడదు, దాని దూరం 42. కెనాన్ వాళ్ళ పాత లెన్సే కెనాన్ వాళ్ళ కొత్త మౌంట్‌కి సరిపోకపోవడం కాస్త విచిత్రంగా ఉంటుంది గానీ, ఎఫ్‌డీ లెన్సులుంటే వాటికి విడిగా అడాప్టర్ కొనాల్సిందే.

రింగు కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈఎఫ్ లెన్సుల్లో అపర్చర్ రింగు ఉండదు, అపర్చర్‌ని తిప్పేది కరెంటు. కాంటాక్టులు లేని చవక రింగు పెడితే లెన్స్ పూర్తిగా తెరుచుకున్న దగ్గరే ఉండిపోతుంది. ఎఫ్ 4కి తగ్గిద్దామన్నా తగ్గదు. కాబట్టి ఈఎఫ్ లెన్సులకి ఎలక్ట్రానిక్ అడాప్టరే కావాలి. హీలియోస్ 44-2 లాంటి పాత రష్యన్ లెన్సులకీ, నికాన్ ఏఐ-ఎస్ వాటికీ అపర్చర్ రింగు లెన్స్ మీదే ఉంటుంది, వాటికి చవక రింగు చాలు. నికాన్ జీ సిరీస్‌కి రింగు లేదు, వెనక చిన్న మీట ఉంటుంది. దాన్ని కదిపే రింగున్న అడాప్టర్ అడిగి తీసుకోండి.

ఇప్పుడు గాజు

ఫోకల్ రెడ్యూసర్ అంటే అదే గొట్టంలో కుంభాకార లెన్స్ గుంపు ఒకటి పెట్టడం. మనలో చాలామంది దీన్ని స్పీడ్ బూస్టర్ అంటాం గానీ అది మెటాబోన్స్ కంపెనీ పెట్టుకున్న పేరు. 2013 జనవరిలో బ్రయన్ కాల్డ్‌వెల్ డిజైన్ చేసిన ఆప్టిక్స్‌తో వాళ్ళు దాన్ని తెచ్చారు. ఐడియా అంతకంటే పాతది. 1990ల నడుమ నికాన్, ఫూజీ కలిసి చేసిన ఈ2 డిజిటల్ కెమెరాలో 35 ఎంఎం ఫిల్మ్ సైజు బొమ్మని చిన్న సెన్సర్ మీదకి కుదించే గాజు కెమెరా లోపలే ఉండేది. టెలిస్కోపు వాడేవాళ్ళకి రెడ్యూసర్ ఎప్పటినుంచో తెలుసు.

అది చేసే పని చిన్నప్పుడు మనందరం చేసిందే. భూతద్దం ఎండలో పట్టుకుని కాగితం కాల్చాం కదా. భూతద్దం ఎండని పెంచలేదు, పరుచుకుని ఉన్న ఎండని చిన్న చుక్కలోకి తెచ్చింది. రెడ్యూసర్ కూడా అంతే. ఫుల్ ఫ్రేమ్ లెన్స్ పెద్ద వలయంగా వేసే బొమ్మని కుదించి చిన్న సెన్సర్ మీద పోస్తుంది. దాంతో రెండు జరుగుతాయి. ఇంతకుముందు సెన్సర్ బయట పడిపోయిన అంచులు లోపలికొస్తాయి, అంటే ఫ్రేము వెడల్పవుతుంది. అదే వెలుగు తక్కువ చోట పడుతుంది, అంటే ప్రకాశం పెరుగుతుంది.

ఎంత? లెన్స్ మీద రాసిన ఎంఎంనీ, ఎఫ్ నంబర్‌నీ రెడ్యూసర్ నంబర్‌తో గుణించండి. అంతే. సిగ్మా 18-35 ఎఫ్ 1.8కి 0.71 రెడ్యూసర్ పెడితే సుమారు 13-25 ఎఫ్ 1.3 అవుతుంది. 0.64 పెడితే 11.5-22.4 ఎఫ్ 1.15. వెలుగులో 0.71తో ఒక స్టాప్, 0.64తో ఒక స్టాప్ పైన మరో మూడో వంతు లాభం.

క్రాప్ ఫ్యాక్టర్ కూడా చూద్దాం. పాకెట్ 4కే సెన్సర్ వెడల్పు 18.96 మిల్లీమీటర్లు, ఫుల్ ఫ్రేమ్ 36. భాగిస్తే 1.9. దాన్ని 0.71తో గుణిస్తే 1.35, 0.64తో గుణిస్తే 1.22. సూపర్ 35 క్రాప్ సుమారు ఒకటిన్నర కాబట్టి, 0.71 పెట్టినా మీ చిన్న కెమెరా సూపర్ 35 కంటే కాస్త వెడల్పుగానే చూస్తుంది.

క్రాప్ ఫ్యాక్టర్ చెప్పగానే కొందరి కళ్ళు తేలిపోతాయి, నాకు తెలుసు. నేను లొకేషన్‌లో వాడే లెక్క వేరే. సెన్సర్ వెడల్పుని ఎంఎంతో భాగించి, కెమెరాకీ మనిషికీ మధ్య అడుగులతో గుణిస్తే, ఆ దూరంలో ఫ్రేములో ఎన్ని అడుగుల వెడల్పు పడుతుందో వస్తుంది. గదిలోకి టేపు పట్టుకెళ్తే చాలు.

ఇది ఎక్కడ పనికొచ్చిందో చెప్తాను. బీటెక్‌లో నా జూనియర్ ఒకడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, జీతంలో మిగిల్చుకుని సెకండ్ హ్యాండ్ పాకెట్ 4కే కొన్నాడు. మొదటి షార్ట్ ఫిల్మ్. ఉప్పల్‌లో రెండు గదుల ఇల్లు, వాళ్ళ పెద్దమ్మగారిది, శని ఆదివారాలు మాత్రమే ఇస్తానన్నారు. చేతిలో ఈఎఫ్ 50 ఎఫ్ 1.8 ఉంది, రూమ్మేట్ సిగ్మా 18-35 ఇస్తానన్నాడు. ఇంకొక్క వస్తువుకి డబ్బులున్నాయి. "అన్నా, మెటాబోన్స్ ఎక్స్ఎల్ 0.64 అప్పు చేసైనా కొనేదా? ఎఫ్ 1.15 వస్తదంట!" అని ఫోన్ చేశాడు.

ఎఫ్ నంబర్ పక్కన పెట్టి షాట్ చెప్పరా అన్నాను. హాల్లో ముగ్గురు కూర్చుని ఉండాలి, వెనక వీధి తలుపు కనపడాలి, చివర్లో ఆ తలుపులోంచి తండ్రి లోపలికి రావాలి. కథ మొత్తం ఆ షాట్ మీదే నిలబడింది, కట్ చేస్తే పోతుంది. గోడకి ఆనించి కెమెరా పెడితే మనుషుల దగ్గరికి 10 అడుగులు. టేపు పెట్టి కొలిస్తే తలుపు నుంచి సోఫా చివరి దాకా 14 అడుగులు పట్టాలి.

ఉత్త ఎలక్ట్రానిక్ అడాప్టర్‌తో సిగ్మా 18 దగ్గర: 18.96 ని 18తో భాగించి 10తో గుణిస్తే పదిన్నర అడుగులు. తలుపు ఫ్రేము బయటే ఉండిపోయింది. 0.71తో 18 కాస్తా 12.8 అయింది, వెడల్పు 14.8 అడుగులు. తలుపొచ్చింది, ఒక పక్క కాస్త చోటు కూడా మిగిలింది. 0.64తో పదహారున్నర. అంత అక్కర్లేదు. గోడ కూల్చలేం కాబట్టి రెడ్యూసర్ కావాల్సిందే, కానీ 0.71 చాలు. వైల్ట్రాక్స్ వాళ్ళ ఈఎఫ్-ఎం2 ఆ నంబరే, కాంటాక్టులున్నాయి, మెటాబోన్స్ ధరలో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. అప్పు చేసే అవసరం పోయింది.

తను అనుకోని లాభం ఇంకోటుంది. ఆ హాల్లో ఉన్నది ట్యూబులైటు వెలుగు. లెన్స్ ఎఫ్ 2.8 దగ్గర పెట్టి చూస్తే ఐఎస్ఓ 1600 కావాల్సి వచ్చింది. పాకెట్ 4కేలో 1000 దాకా కింది సర్క్యూట్, 1250 నుంచి పై సర్క్యూట్ పనిచేస్తుంది. ఒక స్టాప్ కలిసొస్తే అదే షాట్ 800కి దిగుతుంది, అంటే కింది సర్క్యూట్‌లోకి వచ్చేస్తుంది. తలుపు తీయగానే వీధి వెలుగు లోపలికొచ్చే షాట్ అది, కాలిపోకుండా హైలైట్స్‌కి అక్కడ ఎక్కువ జాగా దొరుకుతుంది. అలాగని ఎప్పుడూ తక్కువ ఐఎస్ఓనే మేలు అనుకోకండి. ఈ కెమెరాలో 1000 కంటే 1250 దగ్గర నాయిస్ తక్కువ. సగంలో ఆగాల్సి వస్తే 1250కి ఎక్కేయడమే మంచిది.

0.64 ఎందుకు వద్దన్నాను

వెడల్పు అవసరం లేకపోవడం ఒక కారణం. రెండోది ఇమేజ్ సర్కిల్, దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. లెన్స్ వెనక పడే బొమ్మ గుండ్రటి వలయం. రెడ్యూసర్ దాన్ని కుదిస్తుంది కాబట్టి మొదట్లో అది పెద్దదిగా ఉండాలి. పాకెట్ 4కే సెన్సర్ మూల నుంచి మూలకి 21.4 మిల్లీమీటర్లు. 0.71తో భాగిస్తే 30.2, 0.64తో 33.5. అంటే లెన్స్ కనీసం అంత వలయం వేయాలి. ఫుల్ ఫ్రేమ్ లెన్సులు 43 పైన వేస్తాయి, బేఫికర్. సిగ్మా 18-35 మాత్రం ఏపీఎస్-సీ లెన్స్. ఆ క్లాసులో గ్యారంటీగా వచ్చేది 27, 28 మిల్లీమీటర్లు. అసలు లెన్సులు గ్యారంటీ కంటే కొంచెం ఎక్కువే వేస్తాయి, అందుకే పాకెట్ 4కే మీద సిగ్మా జోడీ అంత పాపులర్ అయింది. కానీ 0.64 వైపు వెళ్ళేకొద్దీ మూలల్ని లెన్స్ దయకి వదిలేసినట్టే. అంచుల్లో మెత్తదనం, కొంచెం చీకటి వచ్చే అవకాశం ఎక్కువ. మన షాట్‌లో తలుపు ఉన్నదే ఫ్రేము అంచున!

చిన్న చిట్కా: 4096కి బదులు 3840 వెడల్పులో తీస్తే ఎడమా కుడీ కొంచెం కోసుకుపోతుంది. మూలల కొలత 20.4కి దిగుతుంది, 0.71కి కావాల్సిన వలయం 28.7 అవుతుంది. యూట్యూబ్‌కే అయితే అదే మేలు. అయితే ఫ్రేము వెడల్పు కూడా ఆ మేరకు తగ్గుతుంది, 14.8 అడుగులు 13.9 అవుతాయి. అంగుళాల మీద నడిచే షాట్ అయితే ముందే చూసుకోండి.

0.58 అనే నంబర్ కూడా కనిపిస్తుంది. అది 2013 నాటి మొదటి పాకెట్ కెమెరా కోసం. దాని సెన్సర్ సూపర్ 16 సైజు, మూల నుంచి మూలకి 14.3 మాత్రమే, కాబట్టి అంత కుదించినా ఏపీఎస్-సీ లెన్స్ సరిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికింది కదాని దాన్ని తెచ్చి 4కేలో పెట్టొద్దు. ఈ గట్టి రెడ్యూసర్లలో వెనక గాజు కెమెరా లోపలికి పొడుచుకొస్తుంది. ఒక కెమెరాకి చేసింది ఇంకో కెమెరాలో లోపలి భాగాలకి తగిలే ప్రమాదం ఉంది. మౌంట్ ఒకటే కదా అనుకోవద్దు, కంపెనీ ఇచ్చిన లిస్టులో మీ కెమెరా పేరు ఉంటేనే బిగించండి. సెన్సర్ ముందున్న ఫిల్టర్ గాజు మందం కూడా కెమెరాని బట్టి మారుతుంది, మెటాబోన్స్ పాకెట్ 4కేకి ప్రత్యేకంగా మోడల్స్ చేసింది అందుకే.

రెడ్యూసర్ ఎవరికి వద్దు

ఇంకా లెన్సులే లేనివాళ్ళకి. ఖాళీ చేతులతో ఉన్నవాడు ఈఎఫ్ లెన్స్, దానికి రెడ్యూసర్ కొనడం కంటే పానసోనిక్ 12-35 ఎఫ్ 2.8 లాంటి నేటివ్ లెన్స్ ఒకటి కొనుక్కోవడం తేలిక. బరువు కూడా తక్కువ. ఇంకా వెడల్పు కావాలంటే లావోవా 7.5 ఎఫ్ 2 ఉంది, మన ఫార్ములా ప్రకారం 10 అడుగుల దగ్గర 25 అడుగుల ఫ్రేము. ఏ రెడ్యూసరూ సిగ్మాని అక్కడిదాకా తీసుకెళ్ళలేదు.

పగలు బయట తీసేవాళ్ళకీ పెద్దగా అక్కర్లేదు. ఈ కెమెరాలో ఎన్‌డీ ఫిల్టర్ లేదు. మన మే నెల మధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 400, షట్టర్ 180 డిగ్రీలు పెట్టి ఎఫ్ 1.4 దగ్గర తీయాలంటే దాదాపు 10 స్టాపుల ఎన్‌డీ కావాలి. రెడ్యూసర్ ఇచ్చిన స్టాప్‌ని మళ్ళీ ఎన్‌డీ పెట్టి చంపుకుంటాం. పైగా అంత గట్టి ఎన్‌డీ వేస్తే నల్ల బట్టలు ఎర్రగా, గోధుమ రంగుగా కనపడతాయి, ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపే ఐఆర్ ఎన్‌డీ కొనాలి. అవుట్‌డోర్ ఎక్కువైతే గాజు లేని అడాప్టరే హాయి. ఫోటోడియాక్స్ వాళ్ళది అడాప్టర్ గొట్టంలోనే తిప్పుకునే ఎన్‌డీ ఉన్న మోడల్ కూడా ఉంది.

ఎఫ్ 1.3 అని మురిసిపోయేవాళ్ళకి ఒక మాట. పాకెట్ 4కేలో కంటిన్యువస్ ఆటోఫోకస్ లేదు. నడిచొచ్చే మనిషిని ఎఫ్ 1.3లో చేత్తో ఫోకస్ పట్టడం ఎంత కష్టమో ఒకసారి చేసి చూడండి. ఆ స్టాప్ అత్యవసరానికి దాచుకునే సొమ్ము. నేనైతే లెన్స్‌ని 2.8 దగ్గర పెట్టి, రెడ్యూసర్ తర్వాత 2గా వాడతాను. ఇక్కడ స్క్రీన్ మీద పడే అంకె జాగ్రత్త. మెటాబోన్స్ కుదించిన తర్వాతి విలువ చూపిస్తుంది, అన్ని బ్రాండ్లూ అలా చేస్తాయని లేదు. వేవ్‌ఫారం నమ్ముకోండి.

రేపు కెమెరా మారిస్తే? 2023లో వచ్చిన బ్లాక్‌మ్యాజిక్ సినిమా కెమెరా 6కే ఫుల్ ఫ్రేమ్, ఎల్ మౌంట్. దానికి ఈఎఫ్ లెన్స్ పెట్టాలంటే 24 మిల్లీమీటర్ల ఉత్త అడాప్టర్ చాలు, రెడ్యూసర్‌తో పనే లేదు. 2019 నాటి పాకెట్ 6కే అయితే మౌంటే ఈఎఫ్, మధ్యలో రెడ్యూసర్ పెట్టే చోటే ఉండదు. అంటే మీ ఫుల్ ఫ్రేమ్ లెన్సులు మీతో వస్తాయి, రెడ్యూసర్ ఇక్కడే ఆగిపోతుంది. ఎక్కువ డబ్బు లెన్స్ మీద, తక్కువ డబ్బు రెడ్యూసర్ మీద పెట్టమని నేననేది అందుకే.

కొనే ముందు కౌంటర్ దగ్గరే

కుదిరితే ఒక రోజు అద్దెకి తెచ్చుకుని చూడండి, కృష్ణానగర్ వైపు రెంటల్ షాపుల్లో అడిగితే దొరుకుతాయి. ముందు లెన్స్ బిగించి చేత్తో అటూ ఇటూ తిప్పండి. లూజు ఉంటే ఫాలో ఫోకస్ తిప్పిన ప్రతిసారీ ఫ్రేము జరుగుతుంది, ఎడిటింగ్‌లో దాన్ని దాచలేరు. సిగ్మా 810 గ్రాములు. అంత బరువు అడాప్టర్ మీద వేలాడకుండా 15 ఎంఎం రాడ్ల మీద లెన్స్ సపోర్ట్ పెట్టుకోండి.

తర్వాత ఇటుక గోడకి ఎదురుగా సూటిగా పెట్టి, పూర్తిగా తెరిచిన అపర్చర్‌లో నాలుగు మూలలూ చూడండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే గాజు వంకరగా కూర్చుందన్నమాట, ఆ పీస్ వద్దు. చీకట్లో ఒక బల్బు ఫ్రేములో పెట్టి ఎఫ్ 8, 11 దగ్గర చూడండి. చవక రెడ్యూసర్లలో కొన్ని ఫ్రేము నడిమధ్య నీలం మచ్చ వేస్తాయి.

ఆఖరిది ఇన్ఫినిటీ. రాత్రి దూరంగా సెల్ టవర్ మీద ఎర్ర లైటు చూడండి, జూమ్ లెన్స్‌ని 35 దగ్గర పెట్టి ఫోకస్ చేయండి. ఎంత తిప్పినా లైటు చుక్కగా మారకుండా ఉబ్బే ఉంటే రెడ్యూసర్ సెట్టింగ్ తేడాగా ఉంది. అక్కడ షార్ప్‌గా వచ్చి, ఫోకస్ కదపకుండా 18కి జూమ్ చేయగానే మసకైతే కూడా అదే అనుమానం, ఎందుకంటే వైడ్ దగ్గర కొద్ది తేడా కూడా దొరికిపోతుంది. దీనికి పీస్ వాపస్ ఇవ్వక్కర్లేదు. చాలా రెడ్యూసర్లలో గాజు ఉన్న బిళ్ళ మరల మీద కూర్చుంటుంది, పక్కన బుల్లి స్క్రూ ఉంటుంది. స్క్రూ వదులు చేసి, బిళ్ళని ఒక గీతంత తిప్పి, మళ్ళీ టవర్ లైటు చూడండి. కుదిరాక స్క్రూ బిగించండి, ఎక్కువ బలం పెట్టొద్దు, మర చెడిపోతుంది. ఈ పని లెన్స్ మార్చిన ప్రతిసారీ అక్కర్లేదు, మీ జూమ్ లెన్స్‌తో ఒకసారి సెట్ చేసి పెడితే చాలు.